ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్: మన ఇల్లు గంటకి ఎంత ఆయిల్ తాగుతుంది?

ఈ వారం గెస్ట్ ఎవరూ లేరు, నేనొక్కడినే. పిల్లలు పడుకున్నాక బేస్‌మెంట్‌లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యమధ్యలో వెనకాల గుర్రుమని ఒక శబ్దం వస్తుంది. ఎడిటింగ్‌లో తీసేయొచ్చు గానీ తీసెయ్యను. ఇవ్వాళ మాట్లాడేది దాని గురించే. అది మా ఇంటి బర్నర్.

అద్దె ఇళ్ల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకే ప్రశ్న పంపించారు. "అన్నా, ఇల్లు బావుంది, స్కూల్ బావుంది, అద్దె కూడా తక్కువ. కానీ ఆయిల్ హీట్ అంటున్నారు. తీసుకోవచ్చా?" అడిగినవాళ్లందరూ కనెక్టికట్, మసాచుసెట్స్, న్యూయార్క్ వాళ్లే. డాలస్‌లో, అట్లాంటాలో ఉన్నవాళ్లకి ఈ గొడవ తెలియదు. అమెరికా మొత్తం మీద ఇళ్లలో కాల్చే హీటింగ్ ఆయిల్‌లో నూటికి ఎనభై వంతుల పైన ఈ ఈశాన్య రాష్ట్రాల్లోనే ఖర్చవుతుంది. డాలస్ వాళ్లు కావాలంటే ఈ ఎపిసోడ్ వదిలేయండి, ఏమీ అనుకోను. ఉంటే మాత్రం అమ్మానాన్నల్ని పిలిపించుకునే ముందు ఒక్క ముక్క పనికొస్తుంది, అది మధ్యలో వస్తుంది.

తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. మేం తీసుకున్నాం, ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నాం. కాకపోతే ఒక్క సంగతి తెలుసుకుని తీసుకోండి. గ్యాస్‌కి మీటరుంటుంది, కరెంటుకి మీటరుంటుంది. వాడుకున్నాక బిల్లొస్తుంది. ఆయిల్‌కి ఇంట్లో మీటరు ఉండదు. ముందు డబ్బు కట్టి ట్యాంకులో పోయించుకోవాలి. అది ఎంత వేగంగా అయిపోతోందో ఎవరూ చెప్పరు, మనమే చూసుకోవాలి. నేను చూసుకోలేదు. ఆ కథ చెప్తాను.

మేం ఈ ఇంట్లోకి వచ్చింది 2022లో, ఎండాకాలం వెళ్లిపోతుండగా. హార్ట్‌ఫర్డ్ దగ్గర పాత కేప్ ఇల్లు, పైన రెండు గదులు, కింద రెండు. అంతకుముందు ఆరేళ్లు అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాం, హీట్ అద్దెలోనే కలిసి ఉండేది. అక్టోబరులో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి అమెరికా రావడం అదే మొదలు. గుర్తుంటుంది కదా, ఆ ఏడాది ఆయిల్ రేటు గాలన్ 5 డాలర్లు దాటింది. ట్యాంకులో అడుగున ఏదో కొంచెం ఉంది. నవంబరులో 200 గాలన్లు పోయించాను. వెయ్యి డాలర్ల పైన అయింది. ఇక్కడ గాలన్ అంటే మూడు ముప్పావు లీటర్లు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. నాన్న "ఎంతయిందిరా ఆయిల్‌కి?" అని అడిగాడు. నేను డాలర్లలో చెప్పి ఊరుకోవచ్చు. గొప్పకి పోయి, "82 తో గుణించుకో నాన్నా, ఎనభై వేలు దాటింది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. నాన్న నవ్వలేదు. "రెండెకరాల కౌలు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, మజ్జిగ పోసుకుని లేచి వెళ్లిపోయింది.

డిసెంబరు వచ్చింది. ట్యాంకు మీద ఒక గేజ్ ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో ఎర్ర బిళ్ల ఒకటి పైకీ కిందకీ కదులుతుంది. నేను వారానికోసారి కిందకి దిగి చూసేవాణ్ణి. పావు పైనే ఉంది, పర్లేదు అనుకునేవాణ్ణి. ఆ పై వారం కూడా పావు పైనే ఉంది. అప్పుడైనా అనుమానం రావాలి. నాకు రాలేదు సరికదా, మనం భలే పొదుపుగా వాడుతున్నాం అనుకున్నాను.

క్రిస్మస్ ముందు వచ్చిన చలి చాలామందికి గుర్తుండే ఉంటుంది. డిసెంబరు 23 పగలు వాన పడింది, సాయంత్రానికి ఒక్కసారిగా ఉష్ణోగ్రత పడిపోయింది, రోడ్ల మీద నీళ్లు నీళ్లలాగే గడ్డకట్టాయి. ఆ రాత్రి రెండింటికి మా ఆవిడ లేపింది, "రేడియేటర్లు చల్లగా ఉన్నాయి, కింద చప్పుడు రావట్లేదు" అని. దిగి చూస్తే బర్నర్ ఆగిపోయి ఎర్ర లైటు వెలుగుతోంది. దాని మీద ఒక రీసెట్ బటన్ ఉంటుంది. నొక్కాను. మొరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. ఇక్కడ ఆపి చెప్తున్నా, ఆ బటన్ ఒక్కసారి నొక్కండి, అంతే. పదే పదే నొక్కితే కాలని ఆయిల్ లోపల చేరుతుంది, తర్వాత అంటుకున్నప్పుడు ప్రమాదం. నాకు అప్పుడు తెలియదు, నా అదృష్టం బాగుండి అసలు లోపలికి రావడానికి ఆయిలే లేదు.

ట్యాంకు మీద తట్టి చూశాడు నాన్న. ఆయనా లేచొచ్చాడు, నా జాకెట్ వేసుకుని. తట్టి, "ఇది ఖాళీరా" అన్నాడు. గేజ్ అప్పటికీ పావు పైనే చూపిస్తోంది. లోపల ఫ్లోటు ఇరుక్కుపోయింది.

ఆయిల్ కంపెనీకి ఫోన్ చేస్తే సెలవు రోజు, అర్ధరాత్రి, మనం వాళ్ల రెగ్యులర్ కస్టమర్లం కాదు. తెల్లారాక చూస్తాం అన్నారు. ఈలోపు ఏం చేయాలో ఆ ఫోన్ ఎత్తినాయనే చెప్పాడు, మంచివాడు. పెట్రోల్ బంకులో డీజిల్ దొరుకుతుంది, తెచ్చి ట్యాంకులో పొయ్యమన్నాడు. హీటింగ్ ఆయిలూ డీజిలూ దాదాపు ఒకటే సరుకు. హీటింగ్ ఆయిల్‌కి రోడ్డు పన్ను ఉండదు కాబట్టి ఎర్ర రంగు కలుపుతారు, దాన్ని కార్లో వాడితే నేరం. డీజిల్‌ని ఇంట్లో వాడితే నేరం కాదు, ఖరీదెక్కువ అంతే. పసుపు రంగు క్యాన్‌లో తేవాలి. పెట్రోల్, అంటే ఇక్కడ గ్యాసొలిన్ అంటారే, అది మాత్రం పొరపాటున కూడా పొయ్యకూడదు, ఇల్లు లేచిపోతుంది. ఐదేసి గాలన్ల క్యాన్లు రెండు తెచ్చి బయట గోడకున్న ఫిల్ పైపులో పోశాను. పోసినా వెంటనే వెలగదు. ట్యాంకు ఎండిపోయినప్పుడు గొట్టంలోకి గాలి చేరుతుంది, పంపు దగ్గర స్క్రూ వదులు చేసి ఆ గాలి తీసెయ్యాలి. ప్రైమింగ్ అంటారు. ఊళ్లో ఆయిల్ ఇంజన్‌కి గాలి పట్టుకుంటే నాన్న చేసేది ఇదే. ఆయన చెయ్యబోయాడు కూడా, నేనే వద్దన్నాను. అద్దె ఇల్లు, ఏమన్నా అయితే ఇన్సూరెన్స్ గొడవ. పొద్దున టెక్నీషియన్ వచ్చేదాకా ఆగాం.

ఆ ఐదారు గంటలూ అందరం ఒక్క గదిలో ఉన్నాం. చిన్న ఎలక్ట్రిక్ హీటర్ ఒకటుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ వైరుకి కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాం. కొందరు బయట పెట్టుకునే బొగ్గుల గ్రిల్ లోపలికి తెస్తారు, మన ఇళ్లలో కుంపటి అలవాటే కదా అని. దయచేసి ఆ పని చెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. నీళ్ల పైపులు గడ్డకట్టి పగలకుండా కుళాయిలు సన్న ధారగా వదిలి, సింకు కింద తలుపులు తీసి పెట్టాం.

తెల్లారేసరికి థర్మోస్టాట్ 52 చూపిస్తోంది. అంటే సెల్సియస్‌లో 11. నాకు ఏడుపొక్కటే తక్కువ. "అమ్మా, చలేస్తోందా?" అన్నాను. అమ్మ దుప్పట్లోంచి మొహం బయటకి పెట్టి చాలా మామూలుగా, "కొంచెం ఎక్కువే ఉందిలే. రోజూ పగలు దీనికి ఇంకాస్త నయంగా ఉంటుంది" అంది.

రోజూ పగలేమిటి? పగలు 68 మీద పెట్టి కదా మేం ఆఫీసుకి వెళ్లేది?

మా ఆవిడ నెమ్మదిగా అడిగితే బయటపడింది. మేమిద్దరం కార్లెక్కగానే అమ్మ థర్మోస్టాట్‌ని 58కి దించేది. పిల్లలు స్కూలు నుంచి వచ్చే గంట ముందు మళ్లీ 68కి పెట్టేది. నెల రోజుల నుంచి. ఈ మధ్యలో రెండు స్వెట్టర్లు, శాలువా, సాక్సు మీద సాక్సు వేసుకుని మంచం మీదే కూర్చునేది. మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని రెండు మూడు సార్లు అంది, నేను ఇక్కడి చలికి అంతేలే అన్నాను. "ఎనభై వేలు మండిపోతుంటే ఎట్లా కూర్చోమంటావురా" అంది చివరికి. నాన్నకి తెలుసు. ఇద్దరూ కలిసే అనుకున్నారు.

ఇందాక చెప్తానన్న ముక్క ఇదే. పెద్దవాళ్ల ముందు బిల్లుల్ని రూపాయల్లోకి మార్చి చెప్పకండి. పెద్ద వయసువాళ్లున్న ఇల్లు కనీసం 68 ఉండాలని ఇక్కడి డాక్టర్లు చెప్తారు. వయసు మళ్లిన ఒంటికి చలి పట్టేది తొందరగా తెలియదట, ఇంట్లో కూర్చున్నా ఒళ్లు చల్లబడిపోవచ్చు. నాకు ఆ మాట కూడా తర్వాతే తెలిసింది.

టెక్నీషియన్ తొమ్మిదింటికి వచ్చాడు. వంద గాలన్ల ఎమర్జెన్సీ డెలివరీ, హాలిడే ఛార్జి, ప్రైమింగ్ ఛార్జి, అన్నీ కలిపి ఎంతయిందో ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాదు, నాన్న బిల్లు చూసేశాడు. చూసి, నన్ను తిట్టకుండా ఒక మాట అడిగాడు. "ఇది గంటకి ఎంత తాగుద్దిరా?"

నేను తెల్లమొహం వేశాను.

మాది రేపల్లె వైపు. కాలవ చివరి భూములు. పై ఊళ్లవాళ్లకి సరిపోయాక మిగిలితే మాకు నీళ్లు. అందుకని నాన్న పాతికేళ్లు మురుగు కాలవ మీద ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్ పెట్టి తోడుకున్నాడు. ఆ ఇంజన్ గంటకి సుమారు లీటరు డీజిల్ తాగుతుందని ఆయనకి తెలుసు. ఎకరం తడవడానికి ఎన్ని గంటలో తెలుసు. రాత్రి పడుకునే ముందు ట్యాంకులో తుమ్మపుల్ల ముంచి చూసి, తెల్లారేదాకా ఆడుతుందో లేదో చెప్పేవాడు. గేజ్ అనేదే లేదు దానికి. అలాంటి మనిషికి, కంప్యూటర్ ఉద్యోగం చేసే కొడుకు వెయ్యి డాలర్ల ఆయిల్ పోయించి అది ఎన్నాళ్లొస్తుందో తెలియకుండా కూర్చోవడం అర్థం కాలేదు.

ఆ టెక్నీషియన్‌ని నా చేత అడిగించాడు. బర్నర్ లోపల నాజిల్ ఉంటుంది, చిన్న ఇత్తడి ముక్క. దాని మీద ఒక అంకె చెక్కి ఉంటుంది. మాది 0.85. అంటే గంటకి 0.85 గాలన్. అయితే అది 100 పౌండ్ల ప్రెషర్ దగ్గర లెక్క. మా పంపు 140 దగ్గర పెట్టి ఉంది, అప్పుడు అది దాదాపు ఒక గాలన్ అవుతుంది. టెక్నీషియన్ ఏటా సర్వీసు చేసినప్పుడు బాయిలర్‌కి ఒక చీటీ తగిలించి వెళ్తాడు, దాని మీద ఈ రెండు అంకెలూ రాసి ఉంటాయి. చూడండి, మీ ఇంట్లో కూడా ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ చీటీ నా కళ్ల ముందే వేలాడుతోంది.

గంటకి గాలన్ అంటే, బర్నర్ మండిన గంటల్లో. రోజంతా మండదు కదా, కాసేపు మండి కాసేపు ఆగుతుంది. నాన్న ఒక కుర్చీ వేసుకుని బేస్‌మెంట్‌లో కూర్చున్నాడు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నేనే పెట్టిచ్చాను. ఒక గంటలో 16 నిమిషాలు మండింది. అంటే రోజుకి ఆరున్నర గంటలు, ఆరున్నర గాలన్లు. ఇక్కడ ఒక జాగ్రత్త. స్మార్ట్ థర్మోస్టాట్ ఉన్నవాళ్లు యాప్‌లో "హీటింగ్ టైమ్" చూసి అదే లెక్క అనుకుంటారు. వేడినీళ్ల బాయిలర్‌కి అది కుదరదు. థర్మోస్టాట్ అడుగుతున్నంత సేపూ బర్నర్ మండుతూనే ఉండదు, మధ్యలో నీళ్లు వేడెక్కితే ఆగుతుంది. బర్నర్ చప్పుడే లెక్క.

తర్వాత పుల్ల. ట్యాంకు పైన గేజ్ పక్కన ఇంకో రంధ్రానికి మర ప్లగ్గు ఉంటే టెక్నీషియన్ చేతే వదులు చేయించాం. హార్డ్‌వేర్ షాపులో సన్నటి కర్ర బద్ద కొని అంగుళాలు గీశాం. ఇక్కడ ఎక్కువ ఇళ్లలో ఉండేది 275 గాలన్ల నిలువు ట్యాంకు. పేరు 275 గానీ పైన గాలికి చోటు వదలాలి కాబట్టి 250కి మించి పొయ్యరు. ఎత్తు 44 అంగుళాలు, అడుగూ పైభాగమూ గుండ్రం, మధ్యలో తిన్నగా ఉంటుంది. మధ్యభాగంలో ఒక అంగుళం తగ్గితే 7 గాలన్లు పోయినట్టు. కిందకి వచ్చేకొద్దీ ట్యాంకు సన్నబడుతుంది, అంగుళానికి తక్కువ ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గేజ్ ఎనిమిదో వంతు చూపిస్తే 34 గాలన్లు ఉన్నాయనుకుంటాం. నిజానికి 22 ఉంటాయి. అందులోనూ అడుగున బురద, నీరు చేరి ఉంటాయి, ఆ చివరి కొంచెం వాడుకోకూడదు. పావు దగ్గరికి, అంటే 11 అంగుళాలకి రాగానే ఆర్డర్ చెయ్యాలి. మీ ఇంట్లో గేజ్ మాత్రమే ఉంటే, పైన ప్లాస్టిక్ మూత తీసి ఆ ఎర్ర బిళ్లని వేలితో మెల్లిగా కిందకి నొక్కండి. వదలగానే పైకి తేలితే అది పనిచేస్తున్నట్టు. కదలకపోతే ఇరుక్కున్నట్టు. పది సెకన్ల పని. ఆ పది సెకన్లే నేను పెట్టలేదు.

ఇప్పుడు అసలు లెక్క. డిసెంబరు చివర్లో ట్యాంకు నిండా పోయించాం. ఆయిల్ పోసేటప్పుడు వెంట్ పైపు దగ్గర ఒక విజిల్ మోగుతుంటుంది, అది ఆగితే నిండినట్టు, డ్రైవరు ఆపేస్తాడు. ఆ రోజు నుంచి నాన్న పాత డైరీ ఒకటి తీసుకుని రోజూ రాయడం మొదలుపెట్టాడు. పొద్దున పుల్ల కొలత, ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం.

వాతావరణ శాఖ వాళ్లు డిగ్రీ డే అని ఒక కొలత వాడతారు. పేరు చూసి భయపడక్కర్లేదు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతా కనిష్ఠ ఉష్ణోగ్రతా కలిపి రెండుతో భాగించండి. వచ్చినదాన్ని 65లోంచి తీసెయ్యండి. గరిష్ఠం 34, కనిష్ఠం 16 అనుకోండి, సగటు 25, అప్పుడు 40 డిగ్రీ డేలు. ఎంత చలి అయితే అంత పెద్ద అంకె. హార్ట్‌ఫర్డ్‌లో ఏడాది మొత్తం కలిపితే దాదాపు 6 వేలు వస్తుంది. ఆయిల్ కంపెనీలు "ఆటోమేటిక్ డెలివరీ" అని మనం ఫోన్ చెయ్యకుండానే వచ్చి పోస్తారే, వాళ్లు ట్యాంకులోకి తొంగి చూడరు, ఈ లెక్కతోనే వస్తారు. ఇన్ని డిగ్రీ డేలకి ఈ ఇల్లు ఒక గాలన్ తాగుతుందని ప్రతి ఇంటికీ ఒక అంకె రాసుకుంటారు. ఆ అంకె మనకి కూడా తెలిస్తే సరి.

35 రోజుల్లో మా ఇంటి లెక్క 1,020 డిగ్రీ డేలు, 174 గాలన్లు. భాగిస్తే 5.9. అంటే దాదాపు ఆరు డిగ్రీ డేలకి ఒక గాలన్. తర్వాత వేసవిలో చూస్తే, హీట్ అసలు వెయ్యకపోయినా స్నానాల నీళ్లకే రోజుకి 0.8 గాలన్ పోతోంది, మాకు వేడినీళ్లు కూడా బాయిలర్‌లోంచే వస్తాయి కాబట్టి. దాన్ని తీసేసి చూస్తే హీట్ ఒక్కదానికీ 7 డిగ్రీ డేలకి గాలన్. కానీ నాన్న దగ్గర అప్పటికి ఉన్నది 5.9 మాత్రమే. దాంతోనే ఒక పని చేశాడు.

ఫిబ్రవరి 3, 4 తేదీల్లో ఇంకో పెద్ద చలి వస్తోందని రెండు రోజుల ముందు నుంచీ టీవీలో హోరెత్తించారు. ఇక్కడ జీరో ఫారెన్‌హీట్ కంటే కిందకి వెళ్లింది. మా వాట్సాప్ గ్రూపులో ఆయిల్ దొరుకుతుందా, ఎవరి దగ్గర దొరుకుతుందా అని ఒకటే గోల. నాకూ చేతులాడలేదు, ఎమర్జెన్సీ రేటుకైనా సరే పోయిద్దాం అన్నాను. నాన్న కిందకి వెళ్లి పుల్ల ముంచి వచ్చాడు. పదమూడు ముప్పావు అంగుళాలు. అంటే 76 గాలన్లు. రెండు రోజులకీ కలిపి 114 డిగ్రీ డేలు అవుతాయి, అంటే ఇరవై గాలన్లు. "యాభై పైన మిగులుద్ది. సోమవారం మామూలు రేటుకి పోయిద్దువులే, పడుకో" అన్నాడు. ఆదివారం పొద్దున ముంచి చూస్తే పదకొండుం పావు. 18 గాలన్లు తాగింది. నాన్న రెండు గాలన్లు ఎక్కువ వేశాడని కాస్త బాధపడ్డాడు, నాకు మాత్రం నిద్ర పట్టింది.

ఆ లెక్క చేతికొచ్చాక నేను ఇంకొకటి వేసి చూశాను. అమ్మ నెల రోజులు పగలంతా చలిలో కూర్చుని రోజుకి ఎంత మిగిల్చింది? థర్మోస్టాట్ 58కి దించినా ఇల్లు వెంటనే చల్లబడదు, మళ్లీ వేడెక్కించాలి. రోజు మొత్తం మీద సగటున 3 డిగ్రీలు తగ్గిందనుకుందాం. మూడుని ఏడుతో భాగించండి. 0.43. అర గాలన్ కూడా కాదు. అప్పటి రేటుకి రెండు డాలర్ల చిల్లర. నేను ఆఫీసు కింద తాగే ఒక కాఫీ.

దించొద్దని కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రాత్రి దుప్పట్లు కప్పుకున్నప్పుడు రోజుకి ఎనిమిది గంటల పాటు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి పది శాతం దాకా మిగలొచ్చని ఇక్కడి ఇంధన శాఖే చెప్తుంది. మనిషి లేని ఇంటికి అది సరైన మాట. మనిషి కూర్చుని ఉన్న గదికి కాదు. ఊరెళ్లేటప్పుడు కూడా 55కి తక్కువ పెట్టకండి, పైపులు పగిలితే ఏడాది ఆయిల్ ఖర్చు ఒక్క రోజులో పోతుంది.

మరి ఆ అర గాలన్ ఎక్కడ వెతకాలి? మా ఇంట్లో అది అటక తలుపు దగ్గర దొరికింది. పైన అటకలోకి మడత నిచ్చెన ఉన్న పలచటి చెక్క తలుపు. చెయ్యి పెడితే చల్లగాలి మొహానికి కొట్టేది. దాని మీద ఫోమ్ పెట్టె ఒకటి బోర్లించాం. కిటికీలకి ప్లాస్టిక్ పొర అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాం. హాల్లో బేస్‌బోర్డుకి ఆనించి పెట్టిన సోఫాని అడుగు ముందుకి జరిపాం, అన్నాళ్లూ మేం సోఫాని వేడిచేస్తున్నాం. తర్వాతి చలికాలం అంకె 7 నుంచి 8కి వెళ్లింది. 6 వేల డిగ్రీ డేలకి 857 గాలన్లు పోయేది 750కి దిగింది. వంద గాలన్ల పైన. ఇవన్నీ కలిపి మాకు రెండు శని ఆదివారాలు పట్టింది. కనెక్టికట్‌లో ఉన్నవాళ్లు హోమ్ ఎనర్జీ సొల్యూషన్స్ అనే ప్రోగ్రాం అడగండి, ఫ్యాను పెట్టి గాలి ఎక్కడెక్కడ లీకవుతోందో పట్టుకుని సీల్ చేస్తారు. అద్దెకున్నవాళ్లు ఓనర్ సంతకం తీసుకోవాలి. మా ఓనర్ దానికి సంతకం పెట్టాడు. స్నానాల నీళ్లకి వేరే హీటర్ పెట్టించమంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఏడాదికి 290 గాలన్లు ఆ నీళ్లకే పోతున్నాయి, డబ్బు నాదే కాబట్టి ఆయనకేం నొప్పి.

అద్దెకి దిగేవాళ్లకి ఇంకొక్క మాట, ఇది చాలామంది మర్చిపోతారు. తాళాలు తీసుకున్న రోజే ట్యాంకు కొలిచి ఫొటో తీసి ఓనర్‌కి ఈమెయిల్ పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు ట్యాంకులో మిగిలిన ఆయిల్‌కి డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలో, ఏ రేటుకో లీజులో రాయించుకోండి. నా స్నేహితుడొకడు మార్చిలో నిండా పోయించి మేలో ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. 150 గాలన్లకి పైగా వదిలేశాడు, లీజులో ఒక్క ముక్క లేదు. పైసా రాలేదు.

ఆటోమేటిక్ డెలివరీనా, మనమే ఫోన్ చేసి పిలిపించుకోవడమా అని అడిగారు కొందరు. పిలిపించుకుంటే గాలన్‌కి కొంత తక్కువ పడుతుంది, నలుగురి దగ్గర రేటు కనుక్కోవచ్చు. కానీ వంద గాలన్లో నూట యాభయ్యో తీసుకోందే రారు, అర్ధరాత్రి ఆగితే మీరెవరు అంటారు. పుల్ల ముంచే ఓపిక ఉంటే అదే మేలు. మూడు వారాలు ఇండియా వెళ్లే అలవాటుంటే ఆటోమేటిక్ మేలు. రేటు ముందే కట్టేసుకునే స్కీములు ఉంటాయి. రేటు పడిపోయినా మీరు పాత రేటే కట్టాలా, పడితే మీకూ తగ్గుతుందా అన్నది సంతకం ముందు అడగండి. రెండూ వేరు వేరు కాగితాలు.

అమ్మా నాన్నా ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. డైరీ ఇక్కడే వదిలేశాడు. అందులో చివరి పేజీలో అమ్మ రాత ఒకటుంది, థర్మోస్టాట్ 68 అని రాసి కింద గీత గీసింది. మళ్లీ ఈ చలికాలానికి వస్తామంటున్నారు.

ఈ రికార్డింగ్ మొదలుపెట్టే ముందే ఫోన్ చేశాడు. పిల్లలెలా ఉన్నారని కూడా అడగలేదు. "ఎన్ని అంగుళాలుందిరా?" అన్నాడు. పందొమ్మిది అని చెప్పాను. నిజానికి నాలుగు రోజులైంది ముంచి. మైకు ఆపేసి చూడాలి.

మీ ఇంటి అంకె ఎంతొచ్చిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటానండీ.